గొట్టం గొట్టంలా కనబడాలంటే: కోరెల్‌డ్రా, ఇంక్‌స్కేప్‌లో పైపులు గీసే పద్ధతి

బత్తాయి తోటకు డ్రిప్ లేఅవుట్, వరి కోత మిషన్‌కు విడిభాగాల చార్టు, బోరు మోటరుకు బిగింపు బొమ్మ. నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు డీటీపీ సెంటర్లకు వచ్చే టెక్నికల్ బొమ్మల పని ఎక్కువగా ఇలాంటిదే. పంపు బాడీ, ఫ్లాంజి, బోల్టు వంటివి కొలత పెట్టి గీస్తే వచ్చేస్తాయి. పని చెడేది గొట్టం దగ్గరే. ఎంత మెరుపు పెట్టినా, ఎన్ని రంగులు కలిపినా ఉడికిన సేమ్యా పోగులా వేలాడుతుంది.

అప్పుడు చాలామంది నీడల మీద పడతారు. తప్పు అక్కడ ఉండదు. గొట్టానికి బిగువు ఉంటుంది, బరువు ఉంటుంది, అది ఇంతకు మించి వంగనని మొండికేస్తుంది. ఆ గుణమంతా గొట్టం నడుమ పొడవునా పోయే మధ్యగీతలోనే కనబడాలి. మధ్యగీత సరిగా పడితే రెండు రంగులతో కూడా గొట్టం నిలబడుతుంది. అందుకే ఇక్కడ సగం చర్చ గీత గురించే.

మన దగ్గర ఎక్కువ సెంటర్లలో కోరెల్‌డ్రానే ఉంటుంది కాబట్టి మెట్లు దానికే చెప్తున్నాం. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో, ఇల్లస్ట్రేటర్‌లో తేడా ఉన్నచోట పక్కనే రాశాం.

ముందు అసలు గొట్టాన్ని కొలవండి

బొమ్మకు కావలసింది బయటి వ్యాసం. గొట్టం మీద అచ్చువేసిన సైజు ప్రతిసారీ అది కాదు. ఒత్తిడితో ఆయిల్ పోయే హైడ్రాలిక్ హోస్‌కు, నీళ్లు లాగే సక్షన్ పైపుకు చెప్పే సైజు లోపలి వ్యాసం. అర అంగుళం హైడ్రాలిక్ హోస్, రెండు వరసల తీగ అల్లిక ఉన్నది, బయట దాదాపు 23 మి.మీ. ఉంటుంది. హెచ్‌డీపీఈ, గట్టి పీవీసీ పైపులకు మాత్రం 63, 75, 90 అని చెప్పేది బయటి వ్యాసమే. డ్రిప్ లేటరల్ (మొక్కల వరస వెంట పరిచే సన్న పైపు) 16 మి.మీ. అన్నా బయటిదే. ఈ తేడా చూసుకోకపోతే ఒకే బొమ్మలో హోస్ సన్నగా, దాని క్లిప్పు వదులుగా పడుతుంది.

వెర్నియర్ లేకపోతే దారం చాలు. గొట్టం చుట్టూ ఒక చుట్టు బిగించి, ఆ దారం పొడవును 3.14తో భాగించండి. 72 మి.మీ. వస్తే వ్యాసం 23 మి.మీ. అన్నమాట.

ఇక స్కేలు. ఎదురుగా చూసే చదును బొమ్మలో 1:2 అయితే 23లో సగం, 11.5 మి.మీ. వెడల్పు గీత. మూడు పక్కలూ ఒకే వాలులో కనబడే ఐసోమెట్రిక్ బొమ్మలో మాత్రం చాలామంది ఇక్కడే పొరపడతారు. మూడు అక్షాల మీదా అసలు కొలతలే పెట్టి గీసే మామూలు ఐసోమెట్రిక్‌లో గొట్టం వెడల్పు వ్యాసానికి 1.22 రెట్లు రావాలి. అంటే 23 × 1.22 ÷ 2, సుమారు 14 మి.మీ. 11.5కే గీస్తే పక్కనున్న ఫిట్టింగు ఎలిప్స్ (వాలుగా చూసిన వృత్తం) కంటే గొట్టం సన్నగా వచ్చి, లోపల తిరుగుతున్నట్టు కనబడుతుంది. త్రీడీ సాఫ్ట్‌వేర్ నుంచి తెచ్చిన ఐసోమెట్రిక్ వ్యూ మీద గీస్తుంటే ఈ 1.22 అక్కర్లేదు, అందులో కొలతలు ముందే కుదించి ఉంటాయి.

అసలు ఒకే వెడల్పు గీతతో గొట్టం గీయడం ఎందుకు చెల్లుతుంది? ఒక బంతిని దారి వెంట దొర్లించుకుంటూ పోతే అది తుడిచిన జాగా గొట్టమే. బంతిని ఎటు నుంచి చూసినా గుండ్రంగానే, ఒకే సైజులో కనబడుతుంది. అందుకే ఐసోమెట్రిక్‌లో గొట్టం మీవైపు తిరిగినా, పక్కకు పోయినా వెడల్పు మారదు. పర్‌స్పెక్టివ్ బొమ్మలో మాత్రం దూరం పోయే కొద్దీ బంతి చిన్నదవుతుంది కాబట్టి ఈ పద్ధతి అక్కడ పనికిరాదు.

మధ్యగీత

1. రెండు చివర్ల ఫిట్టింగులు ముందు గీయండి. గొట్టం ముందు గీసి ఫిట్టింగును దానికి అతికిస్తే కోణం ఎప్పుడూ కుదరదు.

2. ప్రతి ఫిట్టింగు అక్షం మీదుగా ఒక సన్నని గైడ్ గీత బయటికి లాగండి. గొట్టం ఆ గీత మీదే బయటికి రావాలి.

3. ఫిట్టింగు దాటిన వెంటనే వంపు మొదలుపెట్టకండి. కనీసం గొట్టం వ్యాసానికి ఒకటిన్నర రెట్లు తిన్నగా పోనివ్వండి. 14 మి.మీ. గీతకు 21 మి.మీ. నిజంగా మిషన్ మీద కూడా క్రింపు (ఫిట్టింగును హోస్‌కు నొక్కి బిగించిన చోటు) దగ్గరే మడత పడిన హోస్ అక్కడే చిట్లుతుంది. ఆ బొమ్మ చూసిన మెకానిక్‌కు మొదట దొరికే తప్పు ఇదే.

4. వంపుగీతలు గీసే బెజియర్ టూల్‌తో వీలైనంత తక్కువ నోడ్లు (గీతను పట్టి ఉంచే చుక్కలు) పెట్టండి. రెండు చివర్లు, తిన్నని భాగం ముగిసే రెండు చోట్లు, వంపు దిశ మారే ప్రతి చోటా ఒకటి. అంతే. వంకర వచ్చిన ప్రతిసారీ ఇంకో నోడ్ వేసి సర్దుదామనిపిస్తుంది, వేయకండి. ఉన్న నోడ్ హ్యాండిల్ (వంపును సర్దే పిడి) లాగండి. నోడ్లు పెరిగిన కొద్దీ గొట్టానికి మోకాళ్లు మొలుస్తాయి.

5. నోడ్లన్నీ స్మూత్ రకం చేయండి. హ్యాండిల్ పొడవు పక్క నోడ్ దాకా ఉన్న దూరంలో మూడో వంతు దగ్గర మొదలుపెట్టి సర్దుకోండి. సరిగ్గా పావు వృత్తం కావాలంటే హ్యాండిల్ వ్యాసార్ధానికి 0.55 రెట్లు.

ఇప్పుడు వంపు బిగువు సరిచూడాలి. తీగ అల్లిక హోస్‌లకు ఈఎన్ 853 అనే యూరప్ ప్రమాణంలో కనీస వంపు వ్యాసార్ధం ఉంటుంది: పావు అంగుళానికి 100 మి.మీ., మూడు ఎనిమిదులకు 130, అర అంగుళానికి 180, ముప్పావుకు 240, అంగుళానికి 300. అర అంగుళం హోస్ బయటి వ్యాసం 23 అనుకుంటే 180 అంటే దాదాపు ఎనిమిది రెట్లు. అంటే పక్కనుంచి చూసే బొమ్మలో గొట్టం వెడల్పుకు పదహారు రెట్ల వ్యాసమున్న వృత్తం ఒకటి గీసి, గొట్టం వంపు పక్కన పెట్టి చూడండి. వంపు ఆ వృత్తం కంటే బిగువుగా ఉందంటే ఆ హోస్ నిజంగా అక్కడ పట్టదు. చాలామందికి ఈ వృత్తం చూసి గుండె ఆగినంత పనవుతుంది, అంత పెద్దగా వస్తుంది. వంపు మీవైపు తిరిగి ఉంటే మాత్రం బొమ్మలో బిగువుగా కనబడవచ్చు, అది వేరు లెక్క.

డ్రిప్ లేటరల్, స్ప్రేయర్ హోస్ ఇంతకంటే బాగా వంగుతాయి. కానీ డ్రిప్ లేటరల్ చుట్టలో వస్తుంది, ఆ చుట్ట గుర్తు దానికి పోదు. తోటలో పరిచిన లేటరల్‌ను స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా గీయకుండా, చాలా పొడవాటి, చాలా తక్కువ ఎత్తున్న అలలా వదిలితే అది నేల మీద పడి ఉన్నట్టు కనబడుతుంది.

రెండు మాటలు వదులు గురించి. ఒత్తిడి పడినప్పుడు హైడ్రాలిక్ హోస్ పొడవు 2 శాతం పెరగవచ్చు, 4 శాతం దాకా తగ్గనూవచ్చు. మీటరు హోస్ 4 సెం.మీ. కుంచించుకుపోగలదు. కాబట్టి రెండు ఫిట్టింగుల మధ్య తీగలా లాగి కట్టిన హోస్ బొమ్మ తప్పు. కొంచెం వదులు ఉండాలి, ఆ వదులు కిందికి వేలాడాలి. వేలాడే గొట్టంలో అట్టడుగు చోటు రెండు చివర్లలో కిందున్న చివర వైపు జరుగుతుంది, మధ్యలో ఉండదు. ఈ ఒక్క సవరణతో బొమ్మకు బరువు వచ్చేస్తుంది.

ఒళ్లు: బ్లెండ్‌తో గుండ్రం

14 మి.మీ. నల్ల రబ్బరు హోస్ లెక్కలో చెప్తున్నాం. మీ వెడల్పుకు తగ్గట్టు అదే నిష్పత్తిలో మార్చుకోండి.

మధ్యగీతను సెలెక్ట్ చేసి ఎఫ్12 నొక్కండి. వెడల్పు 14 మి.మీ., రంగు నలుపు 75 శాతం. చివర రకం మూడింటిలో గీత ముగిసిన చోటే తిన్నగా తెగే మొదటిది పెట్టండి. గుండ్రటి చివర పెడితే ఫిట్టింగు లోపలి నుంచి బుడిపె బయటికి వస్తుంది. అక్కడే ‘స్కేల్ విత్ ఆబ్జెక్ట్’ టిక్ చేయండి. ఇది మరిచిపోతే బొమ్మను సగానికి తగ్గించినప్పుడు గొట్టం 14 మి.మీ.లోనే ఉండిపోయి పంపును మింగేస్తుంది. ఇంక్‌స్కేప్‌లో పైన టూల్ బార్‌లో స్ట్రోక్ వెడల్పు కూడా తగ్గాలనే బటన్ ఉంటుంది. ఇల్లస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్‌లో ‘స్కేల్ స్ట్రోక్స్’ అని ఉంటుంది.

తర్వాత నంబర్ ప్యాడ్‌లో ప్లస్ మీట నొక్కితే అదే చోట కాపీ పడుతుంది. దాని వెడల్పు 13.2, నలుపు 95. ఇంకో కాపీ 8 మి.మీ., నలుపు 82. ఇంకోటి 1 మి.మీ., నలుపు 40. మొత్తం నాలుగు గీతలు, అడుగున వెడల్పుది, పైన సన్నది. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి ఉంటాయి కాబట్టి మౌసుతో పట్టుకోవడం కష్టం. ఆబ్జెక్ట్ డాకర్ (పక్కన తెరుచుకునే ప్యానెల్) తెరిచి పేర్లు పెట్టుకోండి.

ఒక గీత నుంచి ఇంకోదానికి మధ్య మెట్లు నింపేదే బ్లెండ్. 13.2, 8 రెండూ సెలెక్ట్ చేసి బ్లెండ్ డాకర్‌లో 10 మెట్లు ఇచ్చి అప్లై చేయండి. అలాగే 8, 1 మధ్య 13 మెట్లు. ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదు. 8 నుంచి 1కి ఒక్కో పక్క 3.5 మి.మీ. దూరం, దాన్ని 14 భాగాలు చేస్తే ఒక్కో పట్టీ పావు మిల్లీమీటరు. అచ్చులో పట్టీల మెట్టు కంటికి ఆనదు. రెండు వందల మెట్లు పెట్టిన ఫైలు ప్రింటర్ దగ్గర కక్కలేక మింగలేక ఆగిపోతుంది తప్ప బొమ్మ బాగుపడదు.

రెండు గీతలతో ఒకే బ్లెండ్ చేస్తే చాలదా అంటే, చేయొచ్చు, కానీ అంచు నుంచి మధ్యకు రంగు ఒకే తీరులో మారుతుంది కాబట్టి గొట్టం ఇంటి కప్పులా కొన తేలి కనబడుతుంది. మధ్యలో 8 మి.మీ. గీత ఉండడం వల్ల నలుపు అంచు నుంచి మెల్లగా తేలికై, మధ్యలో ఒక్కసారి వెలుగుతుంది. రబ్బరు గుండ్రం అలాగే ఉంటుంది.

బ్లెండ్ చేశాక గొట్టమంతా నల్లగా, మెరుపు లేకుండా ఉందంటే వరస తిరగబడింది. వెడల్పు గీత పైకి వచ్చి సన్నదాన్ని కప్పేసింది.

ఇంక్‌స్కేప్‌లో కాపీకి కంట్రోల్ డి, తర్వాత ఎక్స్‌టెన్షన్స్‌లో జనరేట్ ఫ్రమ్ పాత్ కింద ఇంటర్‌పొలేట్. అందులో స్టైల్‌ను కూడా ఇంటర్‌పొలేట్ చేయమనే టిక్ పెట్టాలి, లేకుంటే వెడల్పు, రంగు మారవు. అక్కడ ఫలితం మళ్లీ మారదు కాబట్టి అసలు గీతలను ఒక పక్క లేయర్‌లో దాచుకోండి. ఇల్లస్ట్రేటర్‌లో కంట్రోల్ ఆల్ట్ బి.

వెలుగు ఎడమ పైనుంచి

టెక్నికల్ బొమ్మల్లో వెలుగు ఎడమ పైమూల నుంచి పడుతుందని అనుకుంటాం. మెరుపు గీతను గొట్టం అంచుకు ఒక పక్కన గీసి వదిలితే, గొట్టం యూ ఆకారంలో తిరిగినప్పుడు మెరుపు కింది పక్కకు చేరుతుంది. ఇల్లస్ట్రేటర్‌లో స్ట్రోక్ అడ్డంగా గ్రేడియంట్ పెట్టే సౌకర్యంలో కూడా ఇదే చిక్కు. అది గీత దిశను బట్టి కుడి ఎడమలు లెక్కేస్తుంది, ఆకాశం ఎటుందో దానికి తెలియదు.

విరుగుడు చాలా తేలిక. 1 మి.మీ. మెరుపు గీతను మాత్రం పట్టుకుని మొత్తంగా ఎడమకు 1.8 మి.మీ., పైకి 1.8 మి.మీ. జరపండి. 8 మి.మీ. గీతను 0.8, 0.8 జరపండి. బ్లెండ్ దానంతటదే సర్దుకుంటుంది. గొట్టం అడ్డంగా ఉన్నచోట జరిపింది పైకి మాత్రమే లెక్కకొస్తుంది, నిలువుగా ఉన్నచోట ఎడమకు మాత్రమే. వంపు ఎటు తిరిగినా మెరుపు వెలుగు వైపే ఉంటుంది. గీత వెలుగు దిశలోనే పోతున్నచోట మెరుపు నడిమికి వస్తుంది, అది కూడా సరైనదే.

13.2 మి.మీ. గీతను కూడా 0.2, 0.2 జరిపితే అడుగున ఉన్న 75 శాతం గీత కుడి కింది అంచున సన్నగా బయటపడుతుంది. నేల నుంచి తిరిగొచ్చే వెలుగు అదే. నల్ల గొట్టం నల్లటి నీడ మీద పడినప్పుడు ఆ సన్నని అంచే రెండింటినీ విడదీస్తుంది.

దీనిలో ఒక్క లోపం ఉంది. గీతను జరిపినప్పుడు దాని చివర్లు కూడా జరుగుతాయి. ఒక చివర మెరుపు ఫిట్టింగు బయటికి పొడుచుకొస్తుంది, ఇంకో చివర పొట్టిగా ఆగుతుంది. అందుకే మధ్యగీతను రెండు పక్కలా ఫిట్టింగు లోపలికి ఓ 5 మి.మీ. అదనంగా పొడిగించి, ఫిట్టింగును పైన పెట్టి కప్పేయండి.

జిరాక్సుకు పోయే బొమ్మ అయితే

మిషన్‌తో ఇచ్చే బుక్‌లెట్ జిరాక్సు తీసి పంచుతారని తెలిస్తే పై నీడలన్నీ మానేయండి. రెండో కాపీకే గొట్టం నల్లటి మరకవుతుంది. నలుపు 14 మి.మీ. గీత, దాని మీద తెలుపు 13.1 మి.మీ. గీత. రెండు పక్కలా 0.45 మి.మీ. అంచు మిగులుతుంది. తెలుపును ఎడమకు, పైకి 0.14 చొప్పున జరపండి. ఏటవాలు చోట్ల వెలుగు పక్క గీత 0.25కు సన్నబడి, నీడ పక్క 0.65కు లావవుతుంది. ఇంతే. ఈ సన్నం లావుల తేడాతోనే గొట్టం లేచి కనబడుతుంది.

ఒక గొట్టం ఇంకో గొట్టం మీదుగా పోయేచోట, పై గొట్టం అడుగున 16 మి.మీ. తెల్లటి గీత ఒకటి వేయండి. కింది గొట్టం గీతలు పైదాన్ని తాకకుండా 1 మి.మీ. ముందే ఆగుతాయి. ఈ ఖాళీ లేకపోతే నాలుగు గొట్టాల చిక్కులో ఏది ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. అయితే ఆ తెల్లటి గీత గొట్టం పొడవునా ఉండకూడదు, దాటే చోట మాత్రమే, లేకుంటే వెనకున్న మిషన్ బొమ్మను కూడా కొరికేస్తుంది. ఒకే గొట్టం చుట్ట తిరిగి తన మీదుగా తానే పోతే, పైనుండే ముక్కను విడిగా కోసి దాని గీతలన్నీ గ్రూపు చేసి పైకి తేవాలి. కోత దాటే చోట పెట్టకండి, అక్కడికి కొంచెం దూరంలో పెట్టండి.

పచ్చ సక్షన్ పైపు

బాయి కాడ ఆయిల్ ఇంజను పక్కన ఉండే పచ్చ పైపు, ఒంటి మీద గట్టి పీవీసీ కట్టు చుట్టుకుంటూ పోయేది. దీన్ని తప్పుగా గీసేవాళ్లే ఎక్కువ. గీతకు డాష్‌లు పెట్టి అడ్డపట్టీలు తెప్పిస్తారు. డాష్‌లు గొట్టానికి లంబంగా తెగుతాయి, కాబట్టి వచ్చేది వరస రింగులు. రింగులుంటే అది వాషింగ్ మెషిన్ నీళ్లు పోయే ముడతల గొట్టం అవుతుంది. సక్షన్ పైపు మీద ఉన్నది ఒకే కట్టు, స్ప్రింగులా ఏటవాలుగా పోతుంది.

ఎంత వాలు? ఒక చుట్టుకు కట్టు ఎంత ముందుకు పోతుందో అంత దూరం, రెండు కట్ల నడుమ ఎడం అనుకోండి. మనకు కనబడేది సగం చుట్టే. కాబట్టి గొట్టం ఒక అంచు నుంచి ఇంకో అంచుకు చేరేలోపు కట్టు ఆ ఎడంలో సగం ముందుకు జరగాలి. ఎడం తెలియాలంటే పైపు మీద చెయ్యి పెట్టి జానెడులో ఎన్ని కట్లు పడ్డాయో లెక్కపెట్టి, జానను కొలిచి భాగించండి.

బొమ్మలో పైపు వెడల్పు 20 మి.మీ., కట్ల ఎడం 4 మి.మీ. అనుకుందాం. 20 మి.మీ. నిలువుకు 2 మి.మీ. పక్కకు వాలిన గీత ఒకటి గీయండి. దాన్ని అచ్చంగా తిన్నగా ఉంచకండి. మధ్యలో వాలుగా ఉండి, రెండు చివర్లా మెల్లగా తిరిగి అంచులో కలిసిపోయేలా చాలా స్వల్పంగా ఎస్ ఆకారం ఇవ్వండి. గీత మందం 1.4 మి.మీ., చివర గుండ్రంగా. పొడవు 20కి బదులు 20.8 చేయండి. అప్పుడు కట్టు చివర అంచు దాటి కాస్త ఉబ్బుతుంది, గొట్టం అంచు గరుకుగా కనబడుతుంది. లోపల ఎంత నీడ పెట్టినా రాని నిజం ఈ చిన్న ఉబ్బుతో వస్తుంది.

ఇప్పుడు ఆ గీతకు ఒక కాపీ తీసి దూరంగా పెట్టి రెండింటి మధ్య బ్లెండ్ ఇవ్వండి. పాత్ ప్రాపర్టీస్‌లో న్యూ పాత్ నొక్కి, బాణం గుర్తుతో మధ్యగీతను తాకండి. మోర్ బ్లెండ్ ఆప్షన్స్‌లో ‘బ్లెండ్ అలాంగ్ ఫుల్ పాత్’, ‘రొటేట్ ఆల్ ఆబ్జెక్ట్స్’ రెండూ టిక్ చేయండి. మొత్తం 60 కట్లు కావాలంటే మెట్లు 58, ఎందుకంటే రెండు చివర్లవి కలిపి లెక్క. పైపు పొడవును 4తో భాగిస్తే కట్ల సంఖ్య వస్తుంది. అన్నీ ఒకే వైపు వాలాలి. రెండు ముక్కలుగా గీసి అతికించినప్పుడు ఒక ముక్కను మిర్రర్ చేసి వాడితే వాలు తిరగబడుతుంది, బోల్టు మరలు ఎదురు తిరిగినట్టు.

ఇంక్‌స్కేప్‌లో ఇదే పనికి పాత్ ఎఫెక్ట్స్‌లో ప్యాటర్న్ అలాంగ్ పాత్ ఉంది, ‘రిపీటెడ్’ రకం ఎంచుకోండి. బిగువు వంపు లోపలి పక్క కట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కితే, అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. వంపు వ్యాసార్ధం వెడల్పులో సగం కంటే తగ్గిందన్నమాట. మధ్యగీతకే తిరిగి వెళ్లండి.

గొట్టం మీ వైపు తిరిగి వచ్చే చోట కట్లు దగ్గరవుతాయి, విల్లులా వంగుతాయి. ఎటు వంగాలో గుర్తుకు ఒక గ్లాసును పైనుంచి చూడండి. మూతి మీకు దగ్గర, పట్టీలు అడుగు వైపు ఉబ్బి ఉంటాయి. అంటే ఉబ్బు ఎప్పుడూ దూరపు చివర వైపు. మీ వైపు వచ్చి మళ్లీ దూరం పోయే గొట్టంలో ఉబ్బు నడుమ ఒకచోట తిరగబడుతుంది, ఆ చోట పట్టీ తిన్నగా ఉంటుంది. హోస్ క్లిప్పుకు, క్రింపు రింగుకు ఇదే సూత్రం. గొట్టం ఐసోమెట్రిక్ అక్షం మీద పోతుంటే చివరి ఎలిప్స్ పొట్టి అడ్డు పొడుగు అడ్డులో 0.577 వంతు, పొట్టి అడ్డు గొట్టం దిశలోనే ఉండాలి.

లపేటా పైపు, అల్లిక హోస్

లపేటా పైపును (చదునుగా మడిచి చుట్ట చుట్టే మెత్తటి పైపు) ఖాళీగా ఉన్నప్పుడు గొట్టంలా గీయకండి. అది రిబ్బను. 63 మి.మీ. పైపు చదునుగా పడితే వెడల్పు చుట్టుకొలతలో సగం, దాదాపు 99 మి.మీ. అవుతుంది. నీళ్లు నిండిన భాగం 63, ఖాళీ భాగం 99, మధ్యలో మెల్లగా మారాలి. ఒకే వెడల్పు గీత దీనికి చాలదు, అంచులు రెండూ విడిగా గీయాల్సిందే.

తీగ అల్లిక బయటికి కనబడే హోస్‌లకు వజ్రాల డిజైన్ సమానంగా పరిస్తే చాపలా వస్తుంది. గుండ్రం మీద అల్లిక అంచు వైపు ఇరుకవుతుంది. మధ్య నుంచి అంచుకు సగం వెడల్పు 1 అనుకుంటే గీతలు 0, 0.5, 0.87, 1 దగ్గర పడాలి. తీగ వాలు గొట్టం అక్షానికి సుమారు 55 డిగ్రీలు. ఈ ఒక్క ముక్కను బ్రష్‌గా చేసుకుని దాచుకుంటే ప్రతి పనికీ పనికొస్తుంది.

మేస్త్రి లెవెల్ పైపు

మేస్త్రి నీళ్లు నింపి మట్టం చూసే ఈ అద్దంలాంటి పైపులో అందరూ చేసేది లోపలి గోడ గీతలు కూడా గీయడం. నిజమైన లెవెల్ పైపులో నీళ్లు నింపి చూడండి, గోడ మందం పక్కనుంచి దాదాపు కనబడదు. పీవీసీ వెలుగును వంచడం వల్ల లోపలి రంధ్రం ఒకటిన్నర రెట్లు పెద్దదిగా కనబడుతుంది. లోపల 8, బయట 12 మి.మీ. పైపు అయితే 8 × 1.5 = 12, అంటే నీళ్లు అంచు దాకా ఉన్నట్టే ఉంటుంది. కాబట్టి పక్కగీతలు రెండే. గోడ మందం కోసిన చివర ఎలిప్స్‌లో మాత్రమే చూపండి.

12 మి.మీ. గీత నలుపు 55 శాతం, దాని మీద 11.3 మి.మీ. గీత లేత నీలం, సయాన్ 15 శాతం చాలు. నీళ్లు లేని భాగానికి అదే 11.3 గీతను దాదాపు తెల్లగా ఉంచి, నల్ల అంచును ఇంకాస్త లావు చేయండి, ఖాళీ పైపు అంచులు ముదురుగానే కనబడతాయి. మెరుపులు రెండు కావాలి. ఎడమ పైన సన్నటి తెల్ల గీత, కుడి కింద కొంచెం వెడల్పాటి లేత గీత. రెండోది ఎందుకంటే నీళ్లు వెలుగును పోగుచేసి అవతలి పక్క పడేస్తాయి. నీటి మట్టం అడ్డగీత కాదు, నడుమ దిగిన పళ్లెంలా ఉంటుంది. మేస్త్రి చూసేది ఆ పళ్లెం అడుగు, బాణం గుర్తు అక్కడే పెట్టండి.

గాలి బుడగ ఉంటే లెవెల్ తప్పుతుందని చెప్పే బొమ్మలో బుడగను గుండ్రంగా గీయకండి. మధ్యగీతలోంచి ఓ చిన్న ముక్క కోసి, గుండ్రటి చివర్లతో 9 మి.మీ. తెల్ల గీత చేస్తే అది పైపు వంపు వెంటే సాగిన బుడగ అవుతుంది.

ఫైలు పంపే ముందు

నలుపు అంతా ఒక్క కె రంగులోనే (అచ్చులో నల్ల సిరా) ఉందో లేదో చూసుకోండి. నాలుగు రంగులు కలిపిన నలుపు సన్నగీతల్లో అచ్చు కొంచెం జరిగినా ఎర్ర, నీలం అంచులు చూపిస్తుంది. ఆర్‌జీబీలో గీసి చివర్లో మార్చితే తెలియకుండానే ఈ నాలుగు రంగుల నలుపు వచ్చేస్తుంది.

బ్లెండ్లు ఉన్న అసలు ఫైలును అలాగే దాచి, కాపీలో బ్లెండ్లను కంట్రోల్ కెతో విడగొట్టి, గీతలను కంట్రోల్ షిఫ్ట్ క్యూతో ఆబ్జెక్టులుగా మార్చండి. తెలుగు పేర్లు అను ఫాంట్లలో ఉంటే అవి కూడా కంట్రోల్ క్యూతో కర్వ్‌లు చేయాలి, లేకుంటే అవతలి సిస్టంలో ‘డెలివరీ పైపు’ కాస్తా ఇంగ్లిషు అక్షరాల గందరగోళం అవుతుంది. పేరుకు పోయే గీత గొట్టం అంచు దగ్గర ఆగకుండా ఒంటి లోపలికి వెళ్లి చుక్కతో ముగియాలి. అంచు దగ్గర ఆగితే అది గొట్టం పేరో, వెనకున్న బ్రాకెట్ పేరో తేలదు. నల్ల గొట్టం మీద ఆ గీత తెల్లగా మారాలని మరవకండి.